రాజ్‌దూత్ 350తో పదకొండేళ్లు: నూనె పంపు తిరిగొచ్చాక

ఈ బండి పరుగు గురించీ, రెండు సైలెన్సర్ల మోత గురించీ తెలియనివాళ్లు ఇది చదవరు కాబట్టి అవి వదిలేస్తున్నాను. యమహా ఆర్‌డీ350 రూపంలో జపాన్‌లో పుట్టిన ఈ ఇంజనులో నాకు ప్రాణప్రదమైనది కుడివైపు చిన్న మూత వెనక ఉండే ఆటోల్యూబ్ పంపు. ఈ టూస్ట్రోక్ ఇంజను లోపలి భాగాలు అరగకుండా, వేరే ట్యాంకులోని నూనెను కొలత ప్రకారం అందించేది అదే.

నేను కొన్ననాటికి ఆ పంపు లేదు. పాత యజమాని తీసేయించి, పెట్రోలులోనే నూనె కలిపి పోసేవారు. రెండేళ్లు నేనూ అదే చేశాను. ఎంత పోశామో కళ్లతో చూస్తాం కదా అని అందరికీ సలహా కూడా ఇచ్చాను.

తమ్ముడిని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం వెళ్తున్నాం. దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగే ఘాట్‌లో రెండో గేరు వేసి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, ఇంజను పట్టు మీదే దిగాను. పెట్రోలు రాకపోతే అందులో కలిసిన నూనె కూడా రాదు. ఇంజను మాత్రం చక్రంతోపాటు జోరుగా తిరుగుతూనే ఉంటుంది. ఒక మలుపులో నూనె అందక ఇంజను పట్టేసింది; దాంతో వెనక చక్రం బిగుసుకుని, బండి పక్కకు జారింది. క్లచ్ అందుకోవడంతో పడలేదు. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

విప్పితే ఎడమ పిస్టన్ నిలువునా గీసుకుపోయి ఉంది. రెండు సిలిండర్లూ బోరింగ్ చేయించి, 0.50 మిల్లీమీటర్ల పెద్ద పిస్టన్లు వేయించాను. పంపు దొరకడానికి మరో ఎనిమిది నెలలు పట్టింది. పంపు కప్పీ మీది గుర్తును సరిగ్గా కలిపి, గొట్టంలో గాలి బుడగ ఒక్కటైనా మిగలకుండా తీసేవరకు నిద్రపోలేదు. పంపును తిప్పేది ఇంజను, నూనె కొలతను పెంచేది యాక్సిలరేటర్ తీగ. అందుకే యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజను తిరిగినంతసేపూ కొద్దికొద్దిగా నూనె అందుతూనే ఉంటుంది. మరుసటి ఏడాది అదే ఘాట్ దిగినప్పుడు, కింద వంతెన దగ్గర బండి ఆపి ఆ చిన్న మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అంత ఆనందం ఈ బండి నాకు మరెప్పుడూ ఇవ్వలేదు.

అయితే ఒక మాట. వానాకాలం నాలుగు నెలలు కదపకుండా ఉంచితే, పంపులోంచి నూనె మెల్లగా ఇంజనులోకి దిగిపోయింది. స్టార్ట్ చేయగానే పొగతో వీధి కనిపించలేదు. నూనె దానంతటది దిగకుండా ఆపే లోపలి చిన్న గుండు, స్ప్రింగు మార్పించాక తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. నలభై ఏళ్ల వస్తువు మరి. ఇప్పుడు పది రోజులకోసారైనా నడుపుతున్నాను. బయలుదేరేముందు నూనె ట్యాంకు మూత తీసి చూడకుండా గేటు దాటను.

నాకు ఏటా రెండుసార్లు ఘాట్ ప్రయాణం ఉంది, ఆదివారాలు ఖాళీ, రెంచీ పట్టే ఓపికా ఉంది. బండి ఏడాదిలో ఎక్కువ రోజులు గుడ్డ కప్పుకుని ఉండేవాళ్లు, ఊళ్లోనే తిరిగేవాళ్లు పెట్రోలులో నూనె కలుపుకుంటామంటే ఇప్పుడు నేను వాదించను. ఘాట్ దిగేటప్పుడు మాత్రం మధ్యమధ్యలో క్లచ్ పట్టి, యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వదలండి.