పిరమిడ్ లోపల చూడాలంటే ఏది మేలు: తవ్వకమా, రోబోనా, మ్యువాన్లా?

రాయిని ముట్టుకోని పద్ధతే మేలు, ఈజిప్టులోని గిజాలో ఉన్న ఖుఫు రాజు పిరమిడ్ విషయంలో నా మాట అదే.

ముందు తవ్వకం సంగతి. 1837లో హోవర్డ్ వైజ్ అనే బ్రిటిష్ సైనికాధికారి, రాజు గది మీద ఇంకా గదులున్నాయన్న అనుమానంతో మందుగుండు పెట్టి రాళ్లు పేల్చుకుంటూ పైకి పోయాడు. గదులు దొరికాయి, వాటిలో ఆనాటి పనివాళ్లు ఎర్రరంగుతో రాసిన ఖుఫు పేరు కూడా దొరికింది, ఈ పిరమిడ్ ఎవరిదో చెప్పే గట్టి సాక్ష్యం అది. అందుకే ఆయన పని వృథా అనలేను. కానీ అదే మనిషి దక్షిణం వైపు కూడా లోపలికి దారి ఉంటుందేమోనని పేల్చాడు, అక్కడ ఏమీ లేదు, ఆ గొయ్యి మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. చూస్తే బాధేస్తుంది.

రోబో నయమే, కాకపోతే దారి ఉన్నంతవరకే పోతుంది. రాణి గది నుంచి పైకి పోయే సన్నటి సొరంగం 20 సెంటీమీటర్లే ఉంటుంది. 1993లో జర్మన్ ఇంజినీర్ గాంటెన్‌బ్రింక్ పంపిన రోబో అందులో 60 మీటర్లు దాటి వెళ్లి, రెండు రాగి కడ్డీలున్న రాతిపలక దగ్గర ఆగిపోయింది. 2002లో ఇంకో రోబో ఆ పలకకు చిన్న రంధ్రం పెట్టి చూస్తే వెనకాల మరో రాయి!

ఇక మ్యువాన్లు. కాస్మిక్ కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే ఈ కణాలు చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 10,000 చొప్పున మన మీద కురుస్తూనే ఉంటాయి. రాయి వాటిలో కొన్నిటిని ఆపేస్తుంది, మధ్యలో ఖాళీ ఉంటే ఆ వైపు నుంచి ఎక్కువ వస్తాయి, పరికరం పెట్టి వాటిని లెక్కించడమే కిటుకు. 1960ల చివర్లో భౌతిక శాస్త్రవేత్త లూయిస్ అల్వారెజ్ బృందం గిజాలోనే ఉన్న ఖఫ్రే పిరమిడ్‌లో ఇలాగే వెతికి, చూసినంత మేర కొత్త గదులేవీ లేవని తేల్చింది. వైజ్ కూడా దక్షిణం వైపు తెలుసుకున్నది "ఏమీ లేదు" అనే కదా, ఇక్కడ మాత్రం దానికోసం ఒక్క రాయీ పగల్లేదు. 2017లో ఖుఫు పిరమిడ్‌లో రాజు గదికి పోయే ఎత్తైన నడవా (పెద్ద గ్యాలరీ) పైన కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ బయటపడింది, మూడు రకాల పరికరాలూ అదే చూపించాయి. అయితే దీనికి నెలల తరబడి ఓపిక కావాలి, పైగా ఖాళీ ఉందని చెబుతుందే గానీ అందులో ఏముందో చెప్పదు.

అందుకే నాకు బాగా నచ్చింది 2023లో చేసిన పని. ఉత్తరం వైపు ఖాళీని ముందు మ్యువాన్లతో, తర్వాత రాడార్‌తో, అల్ట్రాసౌండ్‌తో ఖాయం చేసుకుని, రాళ్ల మధ్య సందులోంచే 6 మిల్లీమీటర్ల కెమెరా దూర్చారు. 9 మీటర్ల నడవా కనిపించింది.

మెక్సికోలోని చోలులా దగ్గర మాత్రం నేను తవ్వకం వైపే. అది మట్టి ఇటుకల కట్టడం, ఒకదానిమీద ఒకటి కట్టిన పిరమిడ్లు, శిఖరాన చర్చి ఉంది కాబట్టి పైనుంచి తవ్వలేరు. 1931 నుంచి పక్కల నుంచి తవ్విన సొరంగాలు మొత్తం 8 కిలోమీటర్ల దాకా ఉన్నాయి. ఏ పొర మీద ఏ పొర కట్టారో, లోపలి గోడల మీద ఏ బొమ్మలున్నాయో కళ్లతో చూడాల్సిందే, మ్యువాన్లకు రంగులు కనపడవు.