బాప్తిస్మపు సాక్షుల గడి: జర్మన్ వలస రికార్డులను తొమ్మిదేళ్లు వాడాక

మా మనవడి బడిలో వంశవృక్షం గీసి తెమ్మన్నారు. నా వైపు కొమ్మ ఒక పూటలో తేలిపోయింది. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మా నాయనమ్మ బాప్తిస్మం చర్చి రిజిస్టరులో ఉంది, ఆమె తల్లిదండ్రుల పేర్లూ సాక్షుల పేర్లూ అక్కడే ఉన్నాయి. పెన్సిల్వేనియాలో పుట్టి పెరిగిన మా అల్లుడి వైపు కొమ్మ మాత్రం ముత్తాత దగ్గర ఆగిపోయింది. అంతకు ముందు సంగతి అడిగితే, "ఎప్పుడో జర్మనీ నుంచి ఓడలో వచ్చారట" అన్నారు వియ్యపురాలు. ఆ "అట" నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. తొమ్మిదేళ్లుగా వాళ్ల పూర్వీకుల కోసం ఓడల పట్టికలు, చర్చి పుస్తకాలు తిరగేస్తున్నాను. వాటిలో ఏవి పనికొచ్చాయో, ఏవి తిప్పలు పెట్టాయో ఇక్కడ రాస్తున్నాను. వాళ్ల అసలు ఇంటిపేరు చెప్పను, ష్నైడర్ అనుకుందాం. అమెరికాలో ఆ పేరు స్నైడర్‌గా మారింది. జిమ్మర్‌మన్ అన్న ఇంటిపేరును అర్థం బట్టి కార్పెంటర్‌గా మార్చుకున్నవాళ్లూ ఉన్నారు కాబట్టి ఇప్పటి పేరును నమ్ముకుని వెతకడానికి లేదు.

అందరూ మొదలుపెట్టేది ఫిలడెల్ఫియా ఓడల పట్టికలతోనే, నేనూ అంతే. జర్మన్లు గుంపులుగా దిగుతుంటే కంగారుపడిన పెన్సిల్వేనియా పాలకమండలి 1727లో ఒక నియమం పెట్టింది. ప్రతి ఓడ కెప్టెనూ తన ప్రయాణికుల జాబితా ఇవ్వాలి, పదహారేళ్లు దాటిన మగవాళ్లు ఇంగ్లండు రాజుకు విధేయులమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు అప్పటికే ఆ రాజు ప్రజలు కాబట్టి వాళ్లకు ఈ ప్రమాణం లేదు. పరాయివాళ్లన్న అనుమానంతో రాయించిన కాగితాలే ఈరోజు జర్మన్ సంతతికి ఆస్తి అయ్యాయి. స్ట్రాస్‌బర్గర్, హింకె అనే ఇద్దరు వీటిని 1934లో మూడు సంపుటాలుగా తెచ్చారు. చాలామంది అచ్చు పేర్లున్న సంపుటాలతో సరిపెట్టుకుంటారు. నా మాట విని రెండో సంపుటం తప్పక చూడండి. అందులో ఉన్నవి సంతకాల నకళ్లు. ఓడ దిగిన మనిషి చేతిరాత అది. రాయడం రానివాడి గుర్తు పక్కన గుమాస్తా తన చెవికి తోచినట్టు పేరు రాసుకున్నాడు.

అయితే ఈ పట్టికల్లో ఊరి పేరు ఉండదు. "రాటర్‌డామ్ నుంచి, చివరగా కౌస్ నుంచి" అని మాత్రం ఉంటుంది. రైన్ నది వెంట రాటర్‌డామ్ చేరి ఓడ ఎక్కేవారు, ఆ ఓడ ఇంగ్లండు రేవులో సుంకం కట్టి అట్లాంటిక్ దాటేది. కౌస్ అలాంటి రేవుల్లో ఒకటి. ఆడవాళ్లు, పిల్లలు కొద్ది కెప్టెన్ జాబితాల్లో తప్ప కనిపించరు. పైగా వలస ఉధృతంగా సాగిన 1749-1754 మధ్య యోహాన్నెస్ ష్నైడర్ లాంటి పేరు ఎన్ని ఓడల్లో ఉంటుందో మీరే ఊహించుకోండి.

నా రెండేళ్లు పోయింది ఇక్కడే. వంశవృక్షాలు పెట్టుకునే ఒక వెబ్‌సైటులో మా అల్లుడి పూర్వీకుడికి అప్పటికే ఊరు, తల్లిదండ్రులు, పుట్టిన తేదీ తగిలించి ఉన్నాయి. పదుల మంది ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకున్నారు. నేనూ నమ్మాను, మనవడి బొమ్మలో ఆ ఊరు పేరు రంగుపెన్సిలుతో రాయించాను. తర్వాత ఆ ఊరి చర్చి పుస్తకం స్వయంగా చదివితే, 1749లో ఓడెక్కాడన్న మనిషి 1753లో అదే ఊళ్లో సమాధి అయ్యాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నాకొక నియమం ఏర్పడింది. ఒక ఊళ్లో మనవాడి బాప్తిస్మం దొరికిందని సంబరపడే ముందు, అదే ఊరి మరణాల పుస్తకం చివరిదాకా చదవాలి. పసిబిడ్డ పోతే బాప్తిస్మపు నమోదు పక్కన చిన్న సిలువ గీసేవారు. తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవారు. సిలువ చూడకపోతే పోయిన బిడ్డ తేదీని బతికినవాడికి అంటగడతాం.

దారి చూపింది పెన్సిల్వేనియా చర్చి పుస్తకాలు. ట్రాప్ అనే ఊళ్లో 1743లో కట్టిన అగస్టస్ లూథరన్ చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడ పాస్టరు హెన్రీ మెల్కియర్ ముహ్లెన్‌బర్గ్, జర్మనీలో మిషనరీలను పంపే కేంద్రమైన హాలే నుంచి 1742లో వచ్చినవాడు. ఆయన సారథ్యంలో 1748లో ఏర్పడిన పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే లూథరన్ పాస్టర్ల సంఘమే మిషనరీ ఫాదర్ హేయర్‌ను పంపింది, ఆయన 1842లో మా గుంటూరు చేరారు. హేయర్ కూడా హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, కుర్రతనంలో ఫిలడెల్ఫియాకు వలస వచ్చిన జర్మనే. తెలుగు నేర్చి బైబిలును తెలుగులోకి తెచ్చిన బెంజమిన్ షుల్ట్జ్‌ను పంపిందీ హాలేనే. ఆయన తిరిగి వెళ్లాక 1740లలో అక్కడ తెలుగు అక్షరాలతో పుస్తకాలు కూడా అచ్చయ్యాయి. ఈ సంగతి తెలిసిన రోజు అల్లుడి వైపు కొమ్మ, నా వైపు కొమ్మ ఒకే చెట్టువన్నట్టు అనిపించి కళ్లు చెమర్చాయి.

బాప్తిస్మపు నమోదులో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీలు, చివర్న సాక్షుల పేర్లు ఉంటాయి. వెతికేవాళ్లు ఆ చివరి గడిని వదిలేస్తారు. అసలు సరుకు అక్కడే ఉంది. కొత్త దేశంలో బిడ్డకు సాక్షిగా నిలబడేది ఎవరు? తోబుట్టువు, బావమరిది, లేదా సొంత ఊరివాడు. 1754లో ష్నైడర్ దంపతుల బిడ్డకు సాక్షిగా నిలిచిన మనిషిది చాలా అరుదైన ఇంటిపేరు. ఓడల పట్టికల్లో ఆ పేరు ఒకే ఒక్కచోట ఉంది, దాని పక్క సంతకం యోహాన్నెస్ ష్నైడర్‌ది! ఆ సంతకాన్ని పెన్సిల్వేనియాలో మా అల్లుడి పూర్వీకుడు రాసిన వీలునామా సంతకంతో పోల్చాను. ముదిమిలో వణికిన చేతి గీత, పడుచుదనపు గీత వేరుగా ఉన్నా, ష్ అక్షరపు మెలిక మాత్రం ఒకటే. అరుదైన పేరువాడి ఊరు దొరకడం తేలికైంది. నైరుతి జర్మనీలో, హైడల్‌బర్గ్‌కు దక్షిణాన ఉన్న క్రైష్‌గావ్ ప్రాంతం. అక్కడి నుంచి పెన్సిల్వేనియాకు కుటుంబాలకు కుటుంబాలే కదిలాయి. ఆ ఊరి పుస్తకంలో ష్నైడర్ పెళ్లి నమోదు అంచున పాస్టరు రాసుకున్నాడు, పెన్సిల్వేనియాకు వెళ్లాడని. ఈ ఒక్క మాట కోసం నేను ఎదురుచూసింది అయిదేళ్లు.

జర్మన్ ప్రొటెస్టెంట్ పుస్తకాల బొమ్మలు ఆర్కియాన్ అనే వెబ్‌సైటులో చందా కట్టి చూస్తున్నాను. అక్కడ పేరు కొట్టి వెతకడం కాదు, పుటలు తిప్పి చదవాలి. నాకు అదే మేలు చేసింది, పుట పుటా చదివితే ఊరు ఊరంతా పరిచయమవుతుంది. కాథలిక్ పుస్తకాలకు మాట్రికులా అనే వెబ్‌సైటు ఉంది, దానికి రుసుము లేదు. ఫ్యామిలీసెర్చ్‌లో ఉచిత ఖాతా తెరిచి పెన్సిల్వేనియా వైపు చాలా చూశాను.

కూర్‌రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత నేర్చుకోనిదే ఇవేవీ పనికిరావు. రోజూ గంట కూర్చుంటే నాకు నాలుగు నెలలకు కళ్లకు అలవాటైంది. "ఇ" (e) అక్షరం "ఎన్" (n)లా కనిపిస్తుంది, "యు" (u) మీద చిన్న వంపు ఉంటుంది. స్త్రీ ఇంటిపేరు చివర "ఇన్" చేరుతుంది, ష్నైడర్ ఇంటి ఆడపడుచు ష్నైడరిన్ అవుతుంది. అదేదో వేరే కుటుంబం అనుకుని నేను మూడు పుటలు దాటేశాను. మగపిల్లల్లో ముందున్న యోహాన్ చాలాసార్లు అలంకారమే, పిలిచే పేరు రెండోది. 7బ్రిస్ అని ఉంటే ఏడో నెల అనుకోకండి, లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు కాబట్టి అది సెప్టెంబరు. 8బ్రిస్ అక్టోబరు. తేదీల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. జర్మన్ ప్రొటెస్టెంట్ ప్రాంతాలు 1700లోనే కొత్త క్యాలెండరుకు మారాయి, ఇంగ్లండు, దాని వలస రాజ్యాలు 1752 వరకు పాతదే వాడాయి. మధ్యలో పదకొండు రోజుల తేడా. రెండు చోట్లా తేదీ కలవలేదని సరైన మనిషిని తోసిపుచ్చకండి.

ప్రభుత్వ కాగితాల్లో రెండు నాకు ఉపకరించాయి. బ్రిటిష్ పార్లమెంటు 1740 చట్టం ప్రకారం విదేశీ ప్రొటెస్టెంటు పౌరసత్వం పొందాలంటే ఏడేళ్లు వలస రాజ్యంలో ఉండి, ఈమధ్యనే చర్చిలో ప్రభు భోజన సంస్కారం పుచ్చుకున్నట్టు చూపాలి. అందుకే ఆ జాబితాల్లో సంస్కారం తీసుకున్న తేదీ ఉంటుంది. దాన్ని పట్టుకుంటే ఏ చర్చి పుస్తకం తెరవాలో తోస్తుంది. రెండోది విడుదల పత్రం. చాలాచోట్ల రైతు ఆ ప్రాంతాన్ని ఏలే ప్రభువుకు కట్టుబడినవాడు, దేశం వదలాలంటే రుసుము కట్టి విడుదల పొందాలి, తీసుకెళ్లే ఆస్తి మీద పన్ను వేరు. అలా కట్టినవాళ్ల నమోదులు కార్ల్స్‌రూయె రాష్ట్ర ఆర్కైవులో ఉన్నాయి. చెప్పకుండా రాత్రికి రాత్రి వెళ్లిపోయినవాళ్లు అందులో ఉండరు. మా ష్నైడర్ కట్టే వెళ్లాడు.

ఒక్కటే ఉంచుకోమంటే నేను బాప్తిస్మపు పుస్తకాన్నే ఉంచుకుంటాను. పేరు కొట్టగానే చెట్టు మొత్తం రావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు. పక్కింటివాళ్ల పేర్లు కూడా ఓపికగా రాసుకునేవాళ్లు వెతికితే దొరుకుతుంది.

ఆ ఊరి పుస్తకం వెనక్కి చదివితే 1690ల దగ్గర ఆగింది. 1689 నుంచి ఫ్రెంచి సేనలు పాలటినేట్ ప్రాంతాన్ని తగలబెట్టిన యుద్ధంలో అటువైపు చాలా చర్చి పుస్తకాలు పోయాయి. మిగిలిన మొదటి పుటల్లో ఒక పెళ్లి ఉంది, పెళ్లికొడుకు జూరిచ్ ప్రాంతంవాడని పాస్టరు రాశాడు. ముప్పై ఏళ్ల యుద్ధం తర్వాత ఖాళీ అయిన ఊళ్లకు స్విట్జర్లాండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎందరో. జూరిచ్ పాస్టర్లు 1634 నుంచి ఇంటింటి జనాభా జాబితాలు రాశారు. వియ్యపురాలు కూడా చేతిరాత నేర్చుకోవడం మొదలుపెట్టారు, పోయిన ఆదివారం నుంచి ఇద్దరం ఆ జాబితాలు చదువుతున్నాం.