బార్డ్: అన్నింట్లో వేలు పెట్టే పాత్ర

పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో 12 క్లాసులు, అంటే పాత్రల రకాలు, ఉన్నా నా చెయ్యి బార్డ్ అనే పాటగాడి మీదికే పోతుంది. నేను ఆడేది 2014 నాటి ఐదో ఎడిషన్. పాటగాడు యుద్ధంలో ఏం చేస్తాడని మా బృందం పెదవి విరిచింది. బార్డ్ వేసే ‘విషస్ మాకరీ’ అనే తిట్ల మంత్రం చూశాక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. శత్రువును నాలుగు మాటలంటే చాలు. తట్టుకోలేకపోతే నాలుగు ముఖాల పాచిక వేసినంత దెబ్బ తగులుతుంది, పైగా వాడి తర్వాతి దాడికి రెండు పాచికలు వేసి తక్కువది లెక్కలోకి తీసుకోవాలి. దెబ్బ చిన్నదే. కానీ ఆ తిట్టును అప్పటికప్పుడు అల్లడంలోనే ఉంది సరదా అంతా. ఓగర్ అనే ఒక రాక్షసుడితో “నీ గదకున్న తెలివి కూడా నీకు లేదే” అన్నాను. ఆట నడిపే ఆయన నవ్వాపుకోలేక పాచిక జారవిడిచారు.

నేర్చుకున్న నైపుణ్యాలకు పాచిక అంకె మీద ప్రావీణ్య బోనస్ కలుస్తుంది; బార్డ్‌కు రెండో స్థాయి నుంచి, నేర్చుకోనివాటికీ అందులో సగం కలుస్తుంది. పదో స్థాయిలో ఇతర క్లాసుల మంత్రాలు రెండు ఎత్తుకోవచ్చు. నేనైతే పాలడిన్ అనే పవిత్ర యోధుడి మంత్రాల మీద కన్నేశాను.

చిరాకు పెట్టేది స్ఫూర్తి పాచికల సంగతి, అంటే తోటివాళ్ళు తాము వేసినదానికి కలుపుకోమని బార్డ్ ఇచ్చే పాచికలు. కరిష్మా (పాత్ర ఆకర్షణ శక్తి) నుంచి వచ్చే మాడిఫైయర్ అంకె ఎంతో అన్నే దక్కుతాయి; ఐదో స్థాయి వరకు దీర్ఘ విశ్రాంతి తీసుకుంటే గానీ తిరిగి రావు. అంత పొదుపుగా ఇచ్చిన పాచికను తోటివాళ్ళు పది నిమిషాల గడువు దాటే దాకా మరిచిపోతారు! ముందు వరసలో నిలబడి కత్తి తిప్పడమే ఇష్టమైతే ఫైటర్‌ను తీసుకోండి.