గార్డా, గ్లవ్సా, జాగ్రత్తా? పొలం యంత్రాల దగ్గర ఏది మేలు?

పొలంలో యంత్రం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు వినిపించే మాట "కాస్త చూసుకుని పనిచేయాల్సింది" అనే. ఆ జాగ్రత్త ఎంతవరకు కాపాడుతుందో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

ట్రాక్టర్ వెనక నుంచి పనిముట్టుకు శక్తినిచ్చే పీటీఓ షాఫ్ట్ సాధారణంగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. కొన్నింటిలో 1000 సార్లు. 540 అంటే సెకనుకు 9 చుట్లు. షాఫ్ట్ మందం 7 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 22 దాకా వస్తుంది. దానికి చొక్కా అంచు తగులుకుందంటే ఒక్క సెకనులో దాదాపు 2 మీటర్ల గుడ్డను లాగేయగలదు. అంత గుడ్డ చొక్కాలో ఎక్కడిది? ఆ తర్వాత వంతు చేతిదే. వెనక్కి లాక్కోవాలని మనకు తట్టేలోపే అయిపోతుంది. ఇక్కడ చురుకుదనం పనికిరాదు. అనుభవమైతే ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. తిరుగుతున్న షాఫ్ట్‌ను "నాకు అలవాటే" అంటూ దాటేది కొత్తవాడు కాదు కదా.

అదే షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే? లోపల షాఫ్ట్ తిరుగుతున్నా తొడుగు తిరగదు, గొలుసు దాన్ని పట్టి ఉంచుతుంది. నిద్ర చాలనివాడినైనా, తొందరలో ఉన్నవాడినైనా అది ఒకేలా కాపాడుతుంది. ఇలా తిరిగే భాగాన్ని కప్పి ఉంచేదే గార్డు, అందుకే నా ఓటు దానికే. తొడుగు సరిగా ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, గొలుసు విప్పి తొడుగును చేత్తో తిప్పండి. సులువుగా తిరగాలి. పట్టేసిందంటే అది షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది, అప్పుడది ఉన్నా లేనట్టే.

గ్లవ్స్ సంగతికొస్తే, వాటి మీద మనకు నమ్మకం కాస్త ఎక్కువే. కత్తి పదును పెట్టేటప్పుడు, మందు కలిపేటప్పుడు అందుకు తగినవి వాడాల్సిందే. తిరిగే బెల్టు, పుల్లీ, రోలర్ల దగ్గర మాత్రం అవే ఉచ్చు. గ్లవ్ కొస చిక్కుకుంటే చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. అక్కడ బిగుతైన చేతులున్న చొక్కా, ముడేసిన జుట్టు మేలు.

ట్రాక్టర్ బోల్తా పడే ప్రమాదంలోనూ తేడా ఇలాగే కనిపిస్తుంది. వాలు మీద, గట్టు అంచున నెమ్మదిగా నడపమని ఎంతకాలం నుంచో చెబుతూనే ఉన్నారు. స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకు రోల్‌బార్, అంటే బండి బోల్తా పడినా డ్రైవర్ నలిగిపోకుండా కాపాడే ఇనుప చట్రం, తప్పనిసరి చేసింది. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గిపోయాయి. ఇందులో ఒక మెలిక ఉంది. రోల్‌బార్ ఉన్న బండిలో సీటుబెల్టు పెట్టుకోవాలి, లేకపోతే మనిషి ఎగిరి ఆ బార్ కిందే పడొచ్చు. రోల్‌బార్ గానీ, గట్టి క్యాబిన్ గానీ లేని బండిలో మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, బండి తిరగబడితే మనిషి దాని కిందే ఉండిపోతాడు.

గార్డుకూ ఒక బలహీనత ఉంది: మనుషులు దాన్ని పీకేస్తారు. గ్రీజు పెట్టడానికి తీస్తారు, పక్కన పెడతారు, మర్చిపోతారు. తప్పంతా వాళ్లదే అనను. ఆరు బోల్టులు విప్పితే గానీ రాని గార్డును రోజూ ఎవరు బిగిస్తారు? కొనేటప్పుడో, చేయించుకునేటప్పుడో కీలు మీద పైకి లేచి, మూయగానే పడే గడియ ఉన్నదాన్ని ఎంచుకోండి. నూర్పిడి యంత్రంలోకి పంటను తోసే తొట్టి మాత్రం చెయ్యి చాచినా లోపల తిరిగే డ్రమ్ము అందనంత పొడవుగా ఉండాలి, లోపలి భాగం కప్పి ఉండాలి.

అలాగని జాగ్రత్తలన్నీ వదిలేయమని కాదు. మడ్‌గార్డు మీద ఇంకొకరిని ఎక్కించుకోకుండా ఏ రేకూ ఆపలేదు. పిల్లల విషయంలో దూరమే గార్డు: యంత్రం నడుస్తున్నంతసేపు వాళ్లను చూసుకోవడానికి ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషికి అప్పుడు ఇంకో పని అప్పజెప్పకూడదు.

గార్డు చేయలేని పని ఇంకొకటి ఉంది, ఇరుక్కున్న గడ్డిని తీయడం. తీయాలంటే గార్డును తెరవక తప్పదు. ఇంజిన్ ఆపితే చాలదు, తిరిగేవన్నీ పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. పైగా లోపల చెయ్యి ఉన్న సంగతి తెలియక ఇంకొకరు వచ్చి స్టార్ట్ చేయొచ్చు. అందుకే ఆ కాసేపు తాళంచెవి డ్రైవర్ దగ్గర కాదు, లోపల చెయ్యి పెట్టినవాడి జేబులో ఉండాలి.