బ్రిస్టల్ నుంచి డివైజెస్ దాకా: కార్లు లేని దారుల్లో సైకిల్ యాత్ర

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది సైకిల్ యాత్ర అనగానే వెనక్కి తగ్గేది కార్లకి భయపడే. పల్లెటూరి రోడ్లు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ రెండు పక్కలా మనిషెత్తు కంచెపొదలు, మలుపు అవతల ఏముందో కనపడదు. అదే రోడ్డు మీద కారు గంటకి 60 మైళ్ళ వేగంతో రావడానికి చట్టం ఒప్పుకుంటుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ టెన్షన్ ఎవరికి కావాలి? అందుకే మే నెలాఖరు సెలవుల్లో నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ, బావమరిదీ కలిసి వెళ్ళినప్పుడు పాత రైలు కట్టలూ కాలువ గట్లూ పట్టుకునే వెళ్ళాం. బ్రిస్టల్‌లో మొదలుపెట్టి, బాత్ మీదుగా, విల్ట్‌షైర్‌లోని డివైజెస్ దాకా. ఈ దారికి నేషనల్ సైకిల్ నెట్‌వర్క్‌లో 4వ నంబరు. నీలం బోర్డు మీద ఎర్ర గడిలో ఆ అంకె కనిపిస్తూ ఉంటుంది కాబట్టి మ్యాప్ కోసం పదే పదే ఫోన్ తియ్యక్కర్లేదు.

బ్రిస్టల్ నుంచి బాత్‌కి 13 మైళ్ళు, అంటే 21 కిలోమీటర్లు. 1960ల్లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయిన లైన్ ఇది. 1977లో బ్రిస్టల్‌లో సైకిళ్ళ కోసం పోరాడటానికి కొంతమంది ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1979 నుంచి 1986 దాకా ఈ కట్ట మీద ముక్క ముక్కగా దారి వేశారు. ఆ సంఘమే తర్వాత సస్ట్రాన్స్ అనే పెద్ద సంస్థ అయింది. దేశమంతా ఇప్పుడున్న సైకిల్ దారుల నెట్‌వర్క్‌కి ఈ దారే పునాది. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి ఎక్కడా నిలువు చడావు లేదు. మొత్తం తారు, ముగ్గురు పక్కపక్కన వెళ్ళేంత వెడల్పు. సైకిల్ కొత్తగా నేర్చుకున్న పిల్లలకి ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు.

ఒక్క హెచ్చరిక. పొద్దున ఎనిమిదీ తొమ్మిదీ మధ్య బ్రిస్టల్ వైపు ఇది ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ దారి. వాళ్ళు దూసుకుపోతారు. పది దాటాక బయల్దేరితే హాయి. దారిలో బిట్టన్ స్టేషన్ దగ్గర తప్పకుండా ఆగండి. అక్కడ ఏవన్ వ్యాలీ రైల్వే వాళ్ళు పాత ఆవిరి రైళ్ళు నడుపుతారు. సైకిల్ దారి పక్కనే పట్టాలు, ప్లాట్‌ఫాం మీదే కెఫే. శాకాహారులకి జాకెట్ పొటాటో (తొక్కతో కాల్చిన బంగాళాదుంప), బీన్స్ దొరుకుతాయి. మేము పులిహోర కట్టుకెళ్ళాం. టీ మాత్రం అక్కడే తాగాం.

(బయల్దేరే ముందు ఓ గంట ఉంటే బ్రిస్టల్‌లో ఆర్నోస్ వేల్ శ్మశానవాటిక చూసి రండి. రాజా రామ్మోహన్ రాయ్ 1833లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆయన సమాధి మండపం అక్కడ ఉంది. వీరేశలింగం గారి గురించి చదువుకుంటూ పెరిగినవాళ్ళం, అంత దగ్గరకి వెళ్ళి చూడకుండా రాలేకపోయాం.)

బాత్‌లో బస సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అందమైన ఊరు, రోమన్లు కట్టిన స్నానఘట్టాలున్న ఊరు. గదుల ధరలు కూడా ఆ పేరుకి తగ్గట్టే ఉంటాయి. శని, ఆదివారాల్లో మరీ ఎక్కువ. వారం మధ్యలో వెళ్తే బోలెడు తేడా. మేము దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రం, పొద్దున టిఫిన్ బాగుంది. కానీ బుకింగ్ అప్పుడు 'సైకిళ్ళకి తాళం వేసిన చోటు ఉంది' అన్నవాళ్ళు తీరా వెళ్ళాక తలుపు లేని పెరడు చూపించారు. రాత్రి వానకి సీట్లు నానిపోయాయి, సైకిళ్ళు ఉన్నాయో లేవో అని మా బావమరిది రెండుసార్లు లేచి చూసొచ్చాడు. కాబట్టి బుక్ చేసేముందు 'లోపల పెట్టుకోవచ్చా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది' అని విడిగా అడగండి. ఇంకో సంగతి, బాత్ గిన్నెలాంటి ఊరు. చవగ్గా ఉందని కొండ మీద బస తీసుకుంటే, రోజంతా తొక్కి వచ్చాక సామాన్లతో ఆ చడావు ఎక్కాలి. నది పక్కనో కాలువ పక్కనో తీసుకోవడం మేలు.

బాత్‌లోనే టూ టనెల్స్ గ్రీన్‌వే అని ఇంకో దారి ఉంది. 1966లో మూతపడ్డ సోమర్సెట్ అండ్ డోర్సెట్ రైల్వే సొరంగాలని బాగుచేసి 2013లో తెరిచారు. రెండో సొరంగం, కూమ్ డౌన్, పొడవు 1,672 మీటర్లు. మైలు దాటి ఉంటుంది. లోపలికి వెళ్ళగానే చలి ఒంటికి తగుల్తుంది, ఎండాకాలంలో కూడా పైన జాకెట్ ఉండాల్సిందే. లైట్లు వరసగా వెలుగుతుంటాయి, గోడల మీద ఇంజన్ల మసి ఇంకా నల్లగా పట్టుకుని ఉంది. మధ్యలో మనం దగ్గరికి వచ్చేసరికి గోడ గూళ్ళలోంచి వయొలిన్ల సంగీతం మొదలవుతుంది. మా అమ్మాయి వెనక్కి తిరిగి మళ్ళీ తొక్కింది, దాని కోసమే. ఈ సొరంగానికి గాలి గొట్టాలు లేవు. 1929 నవంబరులో పొగకి ఊపిరాడక ఒక గూడ్సు బండి సిబ్బంది స్పృహ తప్పారు, బండి అదుపు తప్పి బాత్ యార్డులోకి దూసుకెళ్ళి ముగ్గురు చనిపోయారు. అది తెలిశాక ఆ మసిని చూసే చూపే మారిపోతుంది.

దీన్ని కాలువతో కలిపి 13 మైళ్ళ చుట్టు దారిగా తిరగమని అందరూ చెప్తారు. కానీ సొరంగాల అవతల ఉన్న మిడ్‌ఫోర్డ్ అనే పల్లె నుంచి కాలువ చేరేదాకా కొంత మామూలు రోడ్డు, పైగా చడావు. పెద్దవాళ్ళయితే పర్లేదు. పిల్లలతో అయితే మిడ్‌ఫోర్డ్ దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి రండి. సొరంగాలు రెండోసారి చూసినా విసుగు పుట్టవు.

ఇక అసలు దారి, కెనెట్ అండ్ ఏవన్ కాలువ. మేం గోదావరి జిల్లా వాళ్ళం. కాలువ గట్టు మీద సైకిల్ తొక్కడం మాకు కొత్త కాదు గానీ, గట్టంతా సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేసి, నేల చదును చేసి, కార్లని రానివ్వకపోవడం కొత్త. జాన్ రెన్నీ ఇంజనీరుగా 1810లో పూర్తయిన ఈ 87 మైళ్ళ దారి రెడింగ్‌ని బ్రిస్టల్‌తో కలుపుతుంది. మనవి సాగుకీ పడవలకీ రెండింటికీ తవ్వినవి. ఇది మాత్రం సరుకు పడవలకే. మన దగ్గర మనుషులు తాడు కట్టి పడవ లాగితే, ఇక్కడ గుర్రాలు లాగేవి. ఆ గుర్రాలు నడిచిన బాటే ఈ సైకిల్ దారి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఇక్కడ ఈ కాలువని గ్రేట్ వెస్టర్న్ రైల్వే కొనేసింది. తర్వాత అడిగినవాళ్ళు లేక పాడుబడింది. మామూలు జనం ఏళ్ళ తరబడి బురద తవ్వి, చందాలు పోగుచేసి బతికించుకున్నారు. 1990లో ఎలిజబెత్ రాణి వచ్చి మళ్ళీ తెరిచారు. మన కాలువ గట్ల మీద కూడా ఇలాంటి దారి ఒక్కటైనా వెయ్యాలని నాకు గట్టిగా ఉంది. చెట్లున్నాయి, నీళ్ళున్నాయి, చదునుగానూ ఉంది.

బాత్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దాకా సుమారు 10 మైళ్ళు. ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. డండస్ దగ్గర కాలువ నదినీ రైలు పట్టాలనీ దాటుతుంది. బాత్ రాయితో కట్టిన మూడు కమానుల అక్విడెక్టు, 1805 నాటిది. పి. గన్నవరం అక్విడెక్టు మీదుగా తిరిగినవాళ్ళకి నీళ్ళ మీద నీళ్ళు పారడం వింత కాదు, అయినా ఇక్కడ ఆ లోయా, ఆ రాతి పనీ చూస్తూ నిలబడిపోయాం. దానికి ముందే క్లావర్టన్ పంపు వస్తుంది. ఏవన్ నది పారుడుతోనే చక్రం తిప్పి, అదే నది నీళ్ళని 48 అడుగులు పైకెత్తి కాలువలో పోసే 1813 నాటి యంత్రం. అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకుని వెళ్ళాలి.

ఇక్కడ వేగం కుదరదు. వంతెనల కింద గట్టు ఇరుకు, ఎదుట ఎవరొస్తున్నారో కనపడరు. గంట కొట్టి ఆగి వెళ్ళాలి. గట్టు పొడవునా పడవ ఇళ్ళు కట్టేసి ఉంటాయి, వాటి కప్పుల మీద కట్టెలు, పూల కుండీలు, కుక్కలు. అక్కడ కాపురముండేవాళ్ళకి ఈ దారే వీధి. నడిచేవాళ్ళకే ముందు దారి ఇవ్వాలి. గంటకి ఎనిమిది మైళ్ళ లెక్క వేసుకుంటే సరిపోతుంది.

బ్రాడ్‌ఫర్డ్‌లో లాకు (నీటి మట్టం మార్చి పడవల్ని ఎక్కించే, దించే తలుపుల తొట్టి) పక్కన సైకిళ్ళు అద్దెకి దొరుకుతాయి, కెఫేలున్నాయి, నడక దూరంలో రైలు స్టేషన్ ఉంది. 14వ శతాబ్దపు ధాన్యపు కొట్టు చూడదగ్గది. ఒక్క రాత్రే ఉండగలిగితే బాత్‌కి బదులు ఇక్కడ ఉండండి. చిన్న ఊరు, బస దగ్గర్నుంచి కాలువ రెండడుగులు.

అక్కడ్నుంచి డివైజెస్‌కి సుమారు 12 మైళ్ళు. దారి కొంత గరుకు, కంకర. సెమింగ్టన్, సీండ్ మీదుగా పొలాలే పొలాలు, జనం పలచబడతారు. చివర్లో కేన్ హిల్. రెండు మైళ్ళలో 29 లాకులు, 237 అడుగుల ఎత్తు. అందులో 16 ఒకే వరసలో కొండ ఎక్కుతున్నట్టు కనిపిస్తాయి. పడవ ఎక్కడానికి ఐదారు గంటలు పడుతుందట. ఒక లాకు దగ్గర ఒకావిడ ఒంటరిగా తలుపు తెరుస్తోంది. పొడుగాటి దూలానికి వీపు ఆనించి, నేల మీద ఎత్తుగా పేర్చిన ఇటుకల వరసకి మడమలు తన్నిపెట్టి నెడుతోంది. 'ఏమండీ, కాస్త ఆగండి, ఆవిడకి సాయం పడదాం' అంది మా ఆవిడ. నలుగురం కలిసి నెడితే తలుపు కదిలింది. ఓ కొసన ఆవిడ భర్త పడవ నడుపుతున్నాడు. తర్వాత మూడు లాకులు వాళ్ళతోనే నడిచాం. కొండ మీద కెఫే ఉంది, అక్కడ కూర్చుంటే వరసంతా కనిపిస్తుంది.

డివైజెస్‌కి రైలు లేదు, స్టేషన్ 1966లోనే మూసేశారు. తిరిగి బ్రాడ్‌ఫర్డ్‌కో ట్రోబ్రిడ్జ్‌కో తొక్కాల్సిందే. బాత్, బ్రిస్టల్ వైపు లోకల్ రైళ్ళలో సైకిల్‌కి చార్జీ లేదు గానీ చోటు రెండు మూడింటికే, ముందొచ్చినవాళ్ళకి ముందు. మేం ఇద్దరిద్దరుగా విడిపోయి రెండు రైళ్ళెక్కాం. లండన్ వైపు వెళ్ళేవాళ్ళు టికెట్‌తో పాటే సైకిల్ చోటు రిజర్వ్ చేసుకోవాలి. డివైజెస్ దాటాక 4వ నంబరు దారి కాలువని వదిలి ప్యూసీ లోయ పల్లెల రోడ్లెక్కుతుంది. గట్టు మీదే వెళ్దామంటే చాలాచోట్ల గడ్డి, వెడల్పు టైర్లు కావాలి. మా బావమరిది అప్పుడే అలాంటి టైర్ల ధరలు చూడ్డం మొదలుపెట్టాడు.