నూజివీడు రసాలు తినాలంటే ఫార్మ్ స్టే వద్దు, తోటకే వెళ్లండి

రసం మామిడిపళ్ల కోసమే మే నెల మధ్యలో నూజివీడు వెళ్లాం. నేను, మా ఆవిడ, పిల్లాడు, మావయ్యగారు. విజయవాడ నుంచి 45 కిలోమీటర్లు, ప్రయాణం హాయిగానే సాగింది.

ఒళ్లు మండింది బస దగ్గరే. తోటలో పండినదే వండి పెడతామని ఫోటోలు పెట్టిన ఒక ఫార్మ్ స్టేలో కాటేజీ తీసుకున్నాం, రోజుకి 5,500, భోజనం మనిషికి 450 వేరే. వడ్డించింది పనీర్ కూర, కాలీఫ్లవర్ వేపుడు. మే ఎండల్లో కాలీఫ్లవర్ ఏ తోటలో కాసింది? మామిడికాయ పప్పు చేయమంటే మెనూలో లేదన్నారు, కిటికీలోంచి చూస్తే చెట్ల నిండా కాయలే! తోటలో తిరగడానికి తలా 200 కట్టించుకుని, కాయ మీద చెయ్యి వెయ్యొద్దన్నారు. పొద్దున టిఫిన్‌తో పెట్టిన బంగినపల్లి ముక్కలు పైకి పసుపు పచ్చగా ఉన్నాయి, లోపల పులుపు, వాసనే లేదు. తొందరపెట్టి పండించిన కాయ అలాగే ఉంటుంది. మావయ్యగారు ఒక్క ముక్క తిని ప్లేటు పక్కకి నెట్టేశారు, ఆ తర్వాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఖాళీ చేసి ఊళ్లో మామూలు లాడ్జికి మారాం. ఏసీ రూము 1,400, శుభ్రంగా ఉంది. అక్కడి కుర్రాడే చెప్పాడు, ఆగిరిపల్లి రోడ్డులో తోటలున్నాయి, ఏడు గంటలకల్లా వెళ్లండి, ఎండెక్కితే కోత ఆపేస్తారని.

వెళ్లాం. పూత మీదే తోట కౌలుకి తీసుకుని, సీజనంతా పాక వేసుకుని కాపలా ఉండే కుటుంబం వాళ్లది. చిక్కంతో తొడిమ ఊడకుండా కోస్తున్నారు, సొన కారిపోయేలా కాయల్ని బోర్లించి పెడుతున్నారు, పాకలో వరిగడ్డి కింద మాగేసినవి వేరే ఉన్నాయి. గడ్డి తీయగానే వచ్చిన ఆ వాసన! చిన్న రసాలు డజను 280. ఒక్కోటి మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, మొదటి పులుపు చుక్క పిండేసి జుర్రుకోవడమే, చొక్కాల సంగతి ఎవరికీ పట్టలేదు. మనిషికి 100 ఇస్తే ఆ ఇంటావిడ మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి, గడ్డపెరుగు పెట్టింది. పెరుగన్నంలో రసం పిండుకుని తింటూ మావయ్యగారు వాళ్ల నాన్నగారి తోట కబుర్లు మొదలుపెట్టారు, పిల్లాడు కదలకుండా విన్నాడు.

వెళ్లేవాళ్లు మే దాటనివ్వకండి, వానలు పడితే కాయలో పురుగు చేరుతుంది. ఇంటికి తెచ్చుకునేవి కాస్త గట్టిగా ఉన్నవే ఏరించుకుని, అట్టపెట్టెలో గడ్డి వేయించుకోండి. గడ్డికి, పెట్టెకి కలిపి మా దగ్గర 40 తీసుకున్నారు. కారు డిక్కీలో మాత్రం పెట్టకండి, ఆ వేడికి ఇల్లు చేరేలోపే మెత్తబడి చెడిపోతాయి.