చంద్రగిరి నుంచి దుగరాజపట్నం దాకా: స్వర్ణముఖి వెంట గ్రావెల్ సైకిలు యాత్ర

తిరుపతి జిల్లాను సైకిలు మీద చూడదలచినవారికి నేను మొదట చెప్పే మాట, జాతీయ రహదారిని వదిలి స్వర్ణముఖిని పట్టుకొని పొమ్మని. చంద్రగిరి కోట దగ్గర బయలుదేరి గుడిమల్లం, శ్రీకాళహస్తి, మల్లాం, వాకాడు మీదుగా దుగరాజపట్నం సముద్రతీరం చేరే ఈ దారిలో ఏటి గట్లు, చెరువు కట్టలు, గ్రావెల్ పోసిన పొలం బాటలు ఎంత దూరమైనా దొరుకుతాయి. తారు రోడ్డు ఎక్కవలసిన అవసరం తక్కువ. దారి ఇంత బాగున్నందువల్లనే, నడుమ ఒక లాడ్జివారు మాకు చేసిన అన్యాయం ఈనాటికీ మింగుడు పడడం లేదు. ఆ సంగతిని కూడా దాచకుండా రాస్తున్నాను.

ఈ మార్గాన్ని ఎంచుకోవడానికి చరిత్రే కారణం. 1565 నాటి యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి తరలివచ్చారు. 1626లో ఆంగ్లేయులు దుగరాజపట్నం తీరంలో ఒక వర్తక స్థావరం పెట్టుకొని దాన్ని ఆర్మగాం అన్నారు. ఆ స్థావరాన్ని చూసుకున్న ఫ్రాన్సిస్ డే, అక్కడ వ్యాపారం సాగక దక్షిణాన మరొక చోటు వెదకి, 1639లో చంద్రగిరి ప్రభువుల సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర నేటి చెన్నై ఉన్న తీరాన్ని పొందాడు. దామెర్లవారు కాళహస్తి సంస్థానాధీశులు; చెన్నై పేరు వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదుగా వచ్చిందని చెబుతారు. అంటే మద్రాసు పుట్టుకతో ముడిపడిన మూడు చోట్లు, చంద్రగిరి, కాళహస్తి, దుగరాజపట్నం, ఈ ఒక్క ఏటి వెంబడే ఉన్నాయి. కార్లలో తిరుమలకు వచ్చి వెళ్లే లక్షలాది మందికి ఈ సంగతి చెప్పేవారే లేరన్నది నా బాధ.

నాతో మా బావ, మా తమ్ముడు వచ్చారు. మాఘమాసంలో బయలుదేరాము; ఈశాన్య రుతుపవనాల బురద ఆరిపోయి, ఎండ ముదరక, పులికాట్ పక్షులు ఇంకా వెళ్లిపోని ఆ కాలమే ఈ దారికి తగినది. బావకూ నాకూ 40 మిల్లీమీటర్ల ట్యూబులెస్ టైర్లు ఉన్నాయి. వాటిలో సీలెంటు, అంటే చిన్న చిల్లులను తానే పూడ్చే ద్రవం, పోయించుకోవడానికి చెరి రూ. 700 అయింది. ట్యూబు టైర్లతో వచ్చిన తమ్ముడికి తిరుచానూరు దాటి యోగిమల్లవరం పరాశరేశ్వరాలయం చూసి ఏటి గట్టు ఎక్కగానే సర్కారు తుమ్మ ముల్లు దిగింది. ఆ ముల్లు ఈ గట్ల మీద అడుగడుగునా ఉంటుంది కాబట్టి ట్యూబులెస్ లేకుండా ఈ దారికి రావద్దని గట్టిగా చెబుతున్నాను. పాపానాయుడుపేటలో పంక్చరు వేసిన పెద్దాయన రూ. 30 మాత్రమే తీసుకున్నారు. అయితే వారి పంపు మా సైకిళ్ల సన్నటి వాల్వుకు పట్టలేదు. రూ. 50 ఖరీదు చేసే చిన్న ఇత్తడి అడాప్టరు బావ సంచిలో ఉండబట్టి సరిపోయింది. అప్పటిదాకా ముఖం ముడుచుకొని ఉన్న తమ్ముడు, టైరులో గాలి నిండాక గాని మాతో మాట్లాడలేదు.

గుడిమల్లం పరశురామేశ్వరాలయంలో గంటకు పైగా ఉన్నాము. క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలకు చెందినదని ఎక్కువమంది పండితులు భావించే ఆ లింగం దాదాపు 5 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని ముందు భాగంలో, వంగి కూర్చున్న ఒక మరుగుజ్జు భుజాల మీద శివుడు నిలబడి ఉంటాడు. కుడిచేత కాళ్లు పట్టుకొని వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేత చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. గర్భాలయం చుట్టూ ఉన్న నేలకంటే పల్లంగా ఉంటుంది. విమానం ఏనుగు వెనుకభాగాన్ని పోలిన గజపృష్ఠాకారంలో ఉంటుంది. మట్టి కొట్టుకొన్న కాళ్లతో వచ్చిన మమ్మల్ని అర్చకులు విసుక్కోకుండా, బోరు దగ్గర కాళ్లు కడుక్కొని రమ్మని చెప్పి, లింగం మీది శిల్పాన్ని దీపం వెలుగులో పైనుంచి కిందికి నిదానంగా చూపించారు. ఎవరూ తొందర పెట్టకుండా, ఎవరూ డబ్బు అడగకుండా అంత ప్రాచీనమైన విగ్రహం ముందు నిలబడగలగడం మన జిల్లాలో ఎంత అరుదో, ఇక్కడ పుట్టి పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

శ్రీకాళహస్తిలో ముగ్గురికీ కలిపి రూ. 1,400కు శుభ్రమైన గది దొరికింది, సైకిళ్లు మంచాల పక్కనే పెట్టుకున్నాము, హాయిగా నిద్రపోయాము. మర్నాడు ఒక కలంకారీ ఇంటిలో వెదురు కలంతో గీసే పని మధ్యాహ్నం దాకా చూసి బయలుదేరాము. కాళహస్తి దాటాక ఇసుక ట్రాక్టర్లు తొక్కిన చాళ్లలో చాలా దూరం సైకిళ్లను నెట్టుకొని పోవలసి రావడంతో, హైవే పక్కన లాడ్జి చేరేసరికి బాగా చీకటి పడింది.

ఆ లాడ్జివారితో ముందుగానే ఫోనులో మాట్లాడుకున్నాము. మూడు మంచాల గదికి రూ. 1,800, సైకిళ్లు కింది హాలులో పెట్టుకోవచ్చు, అడ్వాన్సు రూ. 1,000. ఆ డబ్బు ఫోనులోనే పంపాము. తీరా వెళ్లాక, ముహూర్తాలు ఉన్నాయి కాబట్టి గది రూ. 2,600 అన్నారు. హాలులో సైకిళ్లు పెట్టనివ్వమన్నారు. జనరేటరు పక్కన ఆరుబయట పెట్టుకోవడానికి ఒక్కో సైకిలుకు రూ. 200 అడిగారు. వేరే చోటికి పోతాము, అడ్వాన్సు తిరిగి ఇవ్వండి అంటే, అది తిరిగి ఇచ్చేది కాదన్నారు. మా బావ సాధారణంగా గొంతు పెంచే మనిషి కాదు. ఆయన, “అయ్యా, ఫోనులో మీరు చెప్పిన రేటు ఇది, డబ్బు పంపిన రసీదు ఇది, ఈ రెంటికీ జవాబు చెప్పండి” అని నెమ్మదిగా అడిగితే, బల్ల వెనుక ఉన్న వ్యక్తి తల ఎత్తకుండానే, “సైకిళ్ల మీద వచ్చేవాళ్లకు ఇంతకంటే మంచి రూము ఎందుకు సార్?” అన్నాడు. ఆ మాట వినగానే బావ ముఖం ఎర్రబడింది. తమ్ముడు తగవుకు దిగబోతే నేను పక్కకు తీసుకుపోయాను. రాత్రివేళ లారీలు తిరిగే రోడ్డు మీద అలసిన మనుషులతో మరొక చోటు వెదకడం ప్రమాదమని తలచి ఆ డబ్బు కట్టాము.

గదిలో వేడి నీళ్లు రాలేదు, దుప్పటి మీద పాత నూనె మరకలు ఉన్నాయి, జనరేటరు మోతకు ఎవరమూ కన్ను మూయలేదు. తెల్లవారి చూస్తే నా సైకిలు వెనుక లైటు, బావ నీళ్ల సీసాలు రెండూ లేవు. అడిగితే, బయట పెట్టిన సామానుకు తమ బాధ్యత లేదన్నారు. బిల్లు అడిగితే ప్రింటరు చెడిపోయిందన్నారు. మొత్తం రూ. 3,200 తీసుకొని ఒక చిన్న కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాను. సైకిలు యాత్రికులు గది ధర, సైకిళ్లు ఎక్కడ పెడతారన్నది, రెండూ వాట్సాప్‌లో రాయించుకోకుండా ఒక్క రూపాయి పంపవద్దు. ఇంకా మంచి ఉపాయం, కాళహస్తిలో తెల్లవారుజామునే బయలుదేరి, రహదారి పక్కన రాత్రి ఆగకుండా చూసుకోవడం.

ఆ చేదంతా మరునాటి మధ్యాహ్నానికి తగ్గిపోయింది. మల్లాంలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం చేసుకొని, వరి కోసిన మళ్ల మధ్య బాటల్లో వాకాడు చేరి, స్వర్ణముఖి బ్యారేజీ దాటి తీరం వైపు పోతుంటే ఒక పట్టపుపాలెంలో, అంటే జాలరుల పల్లెలో, తమ్ముడు ఆకలికి ఇక తొక్కలేనన్నాడు. అక్కడ హోటలు లేదు. వలలు బాగుచేస్తున్న ఒకాయన మమ్మల్ని తమ ఇంటికి పిలుచుకుపోయారు. ఆయన భార్య రాత్రి వండిన చేపల పులుసును, లేత మామిడికాయ ముక్కలతో సహా వేడి అన్నంలో వడ్డించి, పక్కన ఎండు రొయ్యల వేపుడు పెట్టారు. నిన్నటి పులుసుకే రుచి అని నెల్లూరు వైపు వాళ్లు అంటే వినడమే గాని, నాకు ఆ రోజు నోటికి తెలిసింది. పులుపు ముక్కలోకంతా దిగి, కారం గొంతులో ఆగకుండా, ముల్లు దగ్గరి మెత్తటి భాగం కూడా ఉప్పుతో సమంగా ఉంది. బావ మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. రూ. 500 ఇవ్వబోతే ఆమె, “ఆకలితో వచ్చినోళ్ల దగ్గర లెక్క గట్టి తీసుకుంటామా నాయనా?” అన్నారు. ఎంతో బతిమాలితే రూ. 300 పుచ్చుకొని, మా సీసాల నిండా మజ్జిగ పోసి పంపారు. లాడ్జిలో మమ్మల్ని తక్కువ చేసి మాట్లాడిన అవే సైకిళ్లను ఆ ఇంటి పిల్లలు తడిగుడ్డతో తుడిచి నీడలో పెట్టారు.

అక్కడి నుంచి దుగరాజపట్నం దాకా సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ గట్టు. గట్టు మీద టైర్లలో గాలి 35 పీఎస్‌ఐకి తగ్గిస్తే ఇసుకలోనూ సాఫీగా పోవచ్చు. ఆర్మగాం స్థావరాన్ని చూపించే బోర్డు గాని, ఒక రాయి గాని మాకు ఎక్కడా కనిపించలేదు. ఆ పేరును తీరంలోని దీపస్తంభం మాత్రమే నిలబెట్టుకుంది. మద్రాసుకు ముందటి కథ ఇక్కడ జరిగిందని నాలుగు వాక్యాల తెలుగు ఫలకం ఒకటి పెట్టమని పురావస్తు శాఖను, జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను.

నేలపట్టులో నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులను, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డుకు ఇరువైపులా పులికాట్‌లో రాజహంసలను చూశాము. ఆ రోడ్డు మీద మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎదురుకొట్టి సైకిలును కదలనివ్వదు, కాబట్టి ఉదయమే పోయి రావాలి; శ్రీహరికోట చెక్‌పోస్టు దాటి లోపలికి అనుమతి లేనివారిని పోనివ్వరు. తిరుగు ప్రయాణానికి సూళ్లూరుపేటలో టాటా ఏస్ మాట్లాడుకున్నాము. మొదట రూ. 4,500 అడిగిన డ్రైవరు రూ. 3,800కు ఒప్పుకొని, సైకిళ్ల కింద గోనె సంచులు పరిచి, ఒక్క గీత పడకుండా తిరుపతిలో మా ఇంటి ముందు దించారు.